జమ్ము పలకల గోడ

గుడివాడలో ఒక డిజైనర్ గారున్నారు. ఇళ్ళకీ షాపులకీ లోపలి అలంకరణ ఎలా చెయ్యాలో పిల్లలకి నేర్పుతుంటారు. నెల కిందట ఫోన్ చేసి, "మేస్త్రి గారూ, ఆ చర్చి గోడ సంగతి మా పిల్లల కోసం రాసివ్వండి" అన్నారు. సరేనని ఫోన్ పెట్టేశాను గానీ మనసు ఊరుకోలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు రాయమంటున్నట్టు? రాసింది ఎవరికి చూపిస్తారు? నా చేతిరాతతో ఆవిడకేం పని? రెండు రోజులు ఇదే ఆలోచన. మూడో రోజు మా ఆవిడ విసుక్కుంది. "గుడికెళ్తే హారతి కర్పూరం అసలుదా కాదా అని వాసన చూసే మనిషి మీరు. ఆవిడేదో అడిగింది, రాసి పారెయ్యండి. నన్ను కాస్త కునుకు తియ్యనివ్వండి" అంది.

అందుకని రాస్తున్నాను. పిల్లలూ, ముందే చెప్తున్నాను, ఇందులో నా గొప్పేమీ లేదు. గొప్పలు చదవాలనుకుంటే ఇంకెవరినైనా చూసుకోండి.

వెలుతురుని లోపలికి రానిచ్చే ప్లాస్టిక్ పలకల గురించి మీరు చదివే ఉంటారు. గాజు నారనీ, రెజిన్ అనే జిగురునీ పొరలు పొరలుగా వేసి గట్టిపడనిస్తే ఆ పలక తయారవుతుంది. అద్దంలాగా అవతలి మనిషిని చూపించదు, గోడలాగా వెలుతురుని ఆపదు. రంపంతో కోసుకోవచ్చు. పొరల మధ్య గుడ్డ గానీ ఆకు గానీ గడ్డి గానీ ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. మీ డిజైనర్లకి అందుకే అదంటే అంత మోజు. అయితే వెనక వెలుతురు పడిందంటే లోపల జరిగిందంతా కనపడిపోతుంది. వెంట్రుక పడ్డా కనపడుతుంది, దోమ పడ్డా కనపడుతుంది.

నేను ఆ పనికి పడవల మీదుగా వచ్చాను. బందరులో, గిలకలదిండి రేవు దగ్గర, ఫైబరు పడవలు చేసే షెడ్డులో పాతికేళ్ళు పనిచేశాను. గాజు నార ఒంటికి తగిలితే వచ్చే దురద మీకు తెలీదు. ఆ చొక్కా ఉతికినా పోదు, దాంతో కలిపి ఉతికిన పక్క బట్టలకీ అంటుకుంటుంది. మా ఆవిడ నా బట్టలకి వేరే బకెట్టు పెట్టింది. ఆ దురదకి మా పడవల వాళ్ళ మందు కొబ్బరినూనె. పొద్దున్నే షెడ్డులోకి రాగానే అరచేతుల నుంచి మోచేతుల దాకా దట్టంగా పట్టించేవాళ్ళం. నాకు పని నేర్పిన పెద్దాయన మొదట చెప్పిన పాఠం అదే. ఆ షెడ్డులోనే నా కుడిచేతి ఉంగరపు వేలు పైకణుపు రంపం కింద పోయింది. నూనె, దురద, పొట్టివేలు, ఈ మూడూ నా ఉద్యోగం నాకిచ్చిన ఆస్తి.

నాలుగోది అనుమానం. తోటివాడొకడు రెజిన్లో గట్టిపడే మందు తక్కువ కలిపి, ఆ తప్పు నా నెత్తిన పెట్టి వెళ్ళిపోయాడు. దెబ్బకి నాకు మనుషుల మీద నమ్మకం పోయింది. ఎవరు డబ్బా మూత తీసినా వెనకాల నిలబడేవాణ్ణి. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వాడా అనుకునేవాణ్ణి. వెనకాల నన్ను 'అనుమానాల మేస్త్రి' అనేవాళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారా అని కూడా చాలా రోజులు ఆరా తీశాను.

పడవల పని మందగించాక మా ఓనరు చిలకలపూడి అవతల కొత్త షెడ్డు వేశాడు. వరసకి ఏమీ కాకపోయినా నన్ను 'బావా' అనేవాడు. "బావా, ఇక పడవలు కాదు, పలకలు చేద్దాం. డిజైనర్లు వీటి వెంట పడుతున్నారు" అన్నాడు. పనికి నలుగురు ఆడవాళ్ళని పెట్టాడు. ముగ్గురు అంతకుముందు రోల్డుగోల్డు నగల పనిలో ఉన్నవాళ్ళు. ఆవగింజంత రాయిని కూడా పట్టుకారు లేకుండా సరైన గుంటలో పెట్టగల చేతులు వాళ్ళవి. నాలుగో ఆవిడ పుట్టిల్లు దివిసీమ, అత్తవారిల్లు బందరు. ముప్పై ఏళ్ళుంటాయి. షెడ్డులో అందరం ఆవిణ్ణి దివిసీమ అమ్మాయి అనేవాళ్ళం.

వచ్చిన వారానికే నా అనుమానపు కన్ను ఆవిడ మీద పడింది. ఓనరు అందరికీ గ్లౌజులు కొనిచ్చాడు. ఆడవాళ్ళు వేసుకున్నారు, నేను వేసుకోలేదు. గ్లౌజు వేసుకుంటే చేతికి గంతలు కట్టినట్టుంటుంది నాకు. దివిసీమ అమ్మాయి ఒక జత తెచ్చి, "మావయ్య గారూ, మీరూ వేసుకోండి" అంది.

"నువ్వు పాలు తాగే రోజుల నుంచీ ఈ పని చేస్తున్నాను. నాకు చెప్పొచ్చావా?" అన్నాను.

"చెప్పడం కాదండీ, మంచిదని" అంది, మెల్లగానే. అయినా నాకు ఎక్కడో గుచ్చుకుంది. నిన్నగాక మొన్న వచ్చి మేస్త్రికి పాఠాలు చెప్పే మనిషి పనిలో మాత్రం ఎలా ఉంటుందో చూద్దాం అనుకున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. దానికి ఒక మెతుకు వేస్తే చాలు, కుండ ఖాళీ చేసేదాకా పోదు.

అప్పుడే ఈ గుడివాడ డిజైనర్ గారు ఒక పని తెచ్చారు. కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్తే దారిలో ఒక ఊరు, ఆ ఊళ్ళో చర్చి. పాతది మట్టిగోడల మీద జమ్ము కప్పుతో ఉండేదట. జమ్ము అంటే అక్కడ డ్రెయిన్ల వెంబడి నీళ్ళలో ఏపుగా పెరిగే గడ్డి, ఇళ్ళు నేస్తారు దాంతో. కొత్తది సిమెంటుతో కడుతున్నారు. డిజైనర్ గారికి ఒక ఆలోచన వచ్చింది. పాస్టరు గారు నిలబడే చోట వెనక ఉన్న తూర్పు గోడ మొత్తం మన పలకలతో పెట్టాలి, పలకల మధ్యలో జమ్ము పరవాలి. పొద్దున ప్రార్థన వేళకి ఎండ జమ్ము లోంచి లోపలికి రావాలి. "వాళ్ళ తాతలు ఆ కప్పు కిందే కూర్చున్నారండీ. వీళ్ళూ దాని వెలుతురులోనే కూర్చుంటారు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. దాచుకోవడం ఎందుకు, ఒళ్ళు జలదరించింది.

ఆ ఊరు దివిసీమ అమ్మాయి పుట్టిన ఊరే. వాళ్ళమ్మ అక్కడే ఉంటుంది, ఆ చర్చికే వెళ్తుంది. పని వచ్చిందని తెలిసిన రోజు ఆ అమ్మాయి షెడ్డులో అందరికీ చెరుకు రసం తాగించింది. నాకూ గ్లాసు ఇచ్చింది. ఎందుకింత సంబరం, ఏముంది దీని వెనక అనుకుంటూనే తాగాను.

గోడకి పదహారు పలకలు. నలుగురు ఆడవాళ్ళు, తలా నాలుగు. ఎవరి జమ్ము వాళ్ళే ఆరబెట్టుకోవాలి, ఎవరి పలక మీద వాళ్ళే పరుచుకోవాలి. జమ్ములో చెమ్మ ఉందంటే పలక చెడుతుంది. అదే మా అందరి భయం. పైగా బందరు గాలి సంగతి తెలిసిందే కదా, ఉప్పు డబ్బాలో ఉప్పే నీరైపోతుంది.

ఒక సాయంత్రం గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. దివిసీమ అమ్మాయి చంకలో గుడ్డ మూటతో వెళ్ళిపోతోంది. అందులోంచి జమ్ము చివరలు కనపడుతున్నాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఓహో, ఇదా కథ అనుకున్నాను. ఆరిన జమ్ము బయటికి పోతోంది, దాని బదులు పచ్చిది పలకల్లోకి వెళ్తోంది. అడిగితే బొంకుతుంది, కాబట్టి అడగలేదు. కనిపెట్టి పట్టుకోవాలి. రోజూ సాయంత్రం గేటు దగ్గర కాపు కాశాను. పొద్దున ఆవిడ నాకన్నా గంట ముందే వచ్చేది, చేతిలో ఏం తెచ్చేదో నేను చూడలేదు. చూడాలని తోచనూ లేదు.

దాంతో ఆవిడ పలకల మీద పరీక్ష మొదలుపెట్టాను. జమ్ము పరిచి, దాని మీద గాజు నార పొర వేశాక, రెజిన్ పొయ్యబోయే ముందు "ఆగు" అనేవాణ్ణి. కుడి అరచెయ్యి చాపి ఆ పొర మీద ఆనించి, గట్టిగా అదిమి పట్టుకునేవాణ్ణి. చెమ్మ ఉంటే చేతికి చల్లగా తగలాలి. ఎప్పుడూ తగల్లేదు. అంటే ఇంకా లోతుగా దాచిందన్న మాట అనుకుని ఇంకాసేపు అదిమేవాణ్ణి. కొన్ని పలకల మీద రెండేసి, మూడేసి చోట్ల. మిగతా ముగ్గురి పలకలూ వేలితో కూడా ముట్టుకోలేదు. వాళ్ళ మీద నాకు అనుమానం లేదు మరి.

పదహారు పలకలూ చక్కగా వచ్చాయి. ఉల్లిపాలెం వంతెన మీదుగా వ్యానులో తీసుకెళ్ళి బిగించాం. మొదటి ప్రార్థన రోజున గడ్డి పోచ పోచా బంగారు తీగలాగా వెలిగిందట. నేను వెళ్ళలేదు. వెళ్తే దివిసీమ అమ్మాయిని అందరూ పొగుడుతారు, అది చూడాలి. అంత ఓపిక నాకు లేదు.

ఒక ఎండాకాలం గడిచింది. ఒక రోజు ఓనరు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "బావా, ఏంటిది? చర్చి వాళ్ళు పంపారు."

ఫోటోలు. బయటి నుంచి తీసినవి. కొన్ని పలకల మీద పాలు ఒలకబోసినట్టు తెల్లటి మచ్చలు. పలకల అంచున వేసిన నంబర్లు అడిగి తెప్పించాను. నాలుగు పలకలు. నాలుగూ దివిసీమ అమ్మాయివే. మిగతా పన్నెండు పలకల మీద ఈగ వాలిన మరక కూడా లేదు.

"నేను చెప్పలా!" అన్నాను. నిజానికి ఎవరికీ చెప్పలేదు. "జమ్ము ఆరబెట్టలేదు. లోపల చెమ్మ ఉండిపోయి ఎండకి పొంగింది. పిలిపించు ఆ అమ్మాయిని."

పిలిపించాడు. ఆడవాళ్ళందరూ పని ఆపి చూస్తున్నారు.

"రోజూ జమ్ము మూట కట్టుకుని ఎక్కడికి తీసుకెళ్ళేదానివి?" అని అడిగాను.

"ఇంటికండీ."

"ఇంటికెందుకు? ఎవరికి అమ్మావు?"

"అమ్మడమేంటండీ? మా ఇంటి రేకుల మీద ఇంకోసారి ఆరబెట్టేదాన్ని. ఇక్కడ సాయంత్రమయ్యేసరికి సముద్రం గాలికి మళ్ళీ మెత్తబడుతోంది. పొద్దున్నే తెచ్చేసేదాన్ని కదండీ."

"అంత ఆరబెడితే ఈ మచ్చలెందుకొచ్చాయి?"

ఆవిడ ఫోటోల వంక చాలాసేపు చూసింది. "తెలీదండీ. తడి మాత్రం కాదు" అంది. తర్వాత తలెత్తి నా వంక చూసింది. "మావయ్య గారూ, అందరివీ వదిలేసి నా నాలుగు పలకలే ఎందుకండీ మీరు అలా పట్టి పట్టి చూశారు?"

"అనుమానం ఉండబట్టి చూశాను. నా అనుమానం నిజమని ఇవాళ తేలింది."

"అది మా అమ్మ కూర్చునే చోటండీ. దాన్ని నేనెందుకు పాడుచేసుకుంటాను?"

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని అందుకే అన్నారు" అన్నాను.

ఆవిడ గ్లౌజులు విప్పి, రెండూ ఒకదాని మీద ఒకటి మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఓనరు ఆగమనలేదు. పిల్లలూ, మీతో నిజం చెప్పాలి. ఆ సాయంత్రం నాకు రవ్వంత బాధ కలగలేదు. గర్వంగా ఉంది. కోనేరు సెంటర్లో ఆగి వేడి వేడి బజ్జీలు కట్టించుకుని ఇంటికెళ్ళాను.

కబురు దివిసీమకీ పాకింది. సొంత ఊరి చర్చి పనిలోనే కక్కుర్తి పడిందని అన్నారట. ఆవిడ భర్త పని మీద వేరే ఊళ్ళో ఉండేవాడు. ఆవిడ పుట్టింటికి వెళ్ళి అక్కడే రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరింది. వాళ్ళమ్మ చర్చిలో ముందు వరసలో కూర్చోవడం మానేసి గుమ్మం పక్కకి మారిందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

నెలన్నర పోయాక డిజైనర్ గారు షెడ్డుకి వచ్చారు. చేతిలో అరచెయ్యంత పలక ముక్క ఉంది.

"కావాలనే తడి జమ్ముతో దీన్ని చేసి, వారం రోజులు ఎండలో పెట్టానండీ. చూడండి, తడి వల్ల వచ్చినవి సన్న బుడగలు, గడ్డి వెంబడే వచ్చాయి. చర్చిలో మచ్చలు ఇలా లేవు. మీరొకసారి పొద్దున ఎండ పడేటప్పుడు లోపలి నుంచి చూడాలి."

ఈవిడకీ ఆ అమ్మాయికీ మధ్య ఏదో ఉంది, ఇద్దరూ కలిసి నన్ను ఇరికిస్తున్నారు అనుకున్నాను. రానంటే భయపడ్డానంటారు. ఆదివారం వేకువనే ఆవిడ కారులో బయలుదేరాను. ఆదివారమే ఎందుకు? జనం ముందు పరువు తియ్యడానికే అయ్యుంటుంది. వంతెన దాటుతుంటే కింద కృష్ణ నిండుగా ఉంది, పడవలు పోతున్నాయి. అందులో ఒకటి నేను చేసినదే. దాన్ని చూసి కాస్త ధైర్యం తెచ్చుకున్నాను.

మేం వెళ్ళేసరికి చర్చిలో ఒక్క మనిషే ఉంది. దివిసీమ అమ్మాయి, చాపలు పరుస్తోంది. రొయ్యల నీళ్ళకి వేళ్ళు పగిలి గుడ్డ పీలికలు చుట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి, "కూర్చోండి. ఇంకో పావుగంట పడుతుంది ఎండ రావడానికి" అంది. ఏం చూడ్డానికి వచ్చామో అడగలేదు.

కూర్చున్నాం. మొదట గోడ బూడిద రంగులో ఉంది. తర్వాత కింది అంచున ఎరుపు తగిలింది. అక్కణ్ణించి చూస్తుండగానే జమ్ము పోచలు ఒక్కొక్కటే వెలిగాయి, సన్నవీ లావువీ, అడ్డదిడ్డంగా, పొలం గట్టు మీద నిలబడి చూసినట్టే. నా చేతుల మీదుగా ఇన్నేళ్ళలో వెళ్ళిన వాటిలో అంత అందమైనది లేదు. కళ్ళు చెమర్చాయి. ఆ ఒక్క నిమిషమే నా సుఖం.

ఎండ పూర్తిగా వెనక పడ్డాక మచ్చలు తేలాయి. ఫోటోల్లో బయటి నుంచి తెల్లగా ఉన్నవి లోపలి నుంచి ముదురుగా, అంచులు గీసినట్టు కనపడుతున్నాయి. మొదటి దానిలో అరచెయ్యి కనపడింది. దాని పైన వేళ్ళు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఉంగరపు వేలు దగ్గరికొచ్చేసరికి పొట్టిగా, పైకణుపు లేకుండా ఆగిపోయింది. పక్కన చిటికెనవేలు. రెండో పలకలో రెండు చేతులు, మూడో దానిలో మూడు. ఎటు చూసినా అదే పొట్టివేలు.

అప్పుడు కూడా నా బుర్రలోకి మొదట వచ్చింది ఏమిటో తెలుసా? ఎవరో నా చేతికి అచ్చు తీసి గోడ మీద వేశారు అని! ఛీ, నా బతుకు! అంత ఎండలో, అంత కళ్ళెదుట.

డిజైనర్ గారు గోడ వంక చూశారు, నా చేతి వంక చూశారు. నాకు తెలియకుండానే నా చెయ్యి వీపు వెనక్కి వెళ్ళిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

ఇక విడమరిచి చెప్పక్కర్లేదు గానీ, మీరు చదువుకునే పిల్లలు కాబట్టి చెప్తాను. నా అరచేతి నిండా కొబ్బరినూనె. నేను అదిమిన చోటల్లా నూనె గాజు నారకి పట్టింది. నూనె ఉన్న చోట రెజిన్ సరిగ్గా అంటుకోదు. మొదట్లో తెలియలేదు, ఎండాకాలం వేడికి అక్కడ పొర విడిపోయింది. పడవ అయితే పైన రంగు వేసేస్తాం, లోపల ఎన్ని చేతులు పడ్డా ఎవరికి తెలుస్తుంది? ఆ అమ్మాయి పలకలే చెడిపోవడానికి కారణం, నేను ముట్టుకున్నవి ఆ అమ్మాయి పలకలే కావడం. అనుమానంతో ఎంతసేపు అదిమానో మచ్చ అంత ముదిరింది. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. నా నలుపు గోడంత ఎత్తున వేలాడుతోంది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"పని పోయి ఇక్కడికొచ్చిన మొదటి ఆదివారమే చూశానండీ" అంది, చాప అంచు సరిచేస్తూ.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నమ్మేవారా? మీరు గోడనైనా నమ్ముతారేమో గానీ నన్ను నమ్మరు కదండీ. మీ అంతట మీరే వచ్చి చూసుకోవాలి. పలకలు తీసేస్తామని పెద్దలంటుంటే, మేస్త్రి గారు వచ్చేదాకా ఆగమని నేనే బతిమాలాను."

"మీ ఊరివాళ్ళకి చెప్పావా?"

"లేదండీ. నేనే చేసి మీ మీదకి తోస్తున్నాననుకుంటారు."

సిగ్గుతో చచ్చిపోయాను. మాట వరసకి అంటున్నది కాదు. పరిగెత్తి కారెక్కేద్దామా అని కూడా అనిపించింది. రెజిన్ మంచిది కాదని చెప్పేస్తే పోలేదా అని ఇంకో బుద్ధి. డిజైనర్ గారు ఏదైనా అని ఉంటే ఎదురు వాదించి బతికిపోయేవాణ్ణి.

జనం రావడం మొదలైంది. వాళ్ళమ్మ వచ్చి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిణ్ణి అక్కడ చూశాక నాకు ఇంకో దారి లేకపోయింది. పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, ప్రార్థనకి ముందు రెండు నిమిషాలు కావాలని అడిగాను. నేను ఆ మతం వాణ్ణి కాదు, ఎలా మాట్లాడాలో తెలీదు. గోడ దగ్గరికి వెళ్ళి, నా కుడిచెయ్యి ఎత్తి, ఆ మచ్చ పక్కనే పెట్టాను.

"ఈ మచ్చలు నావండీ. మీ ఊరి అమ్మాయివి కావు. ఆవిడ పని ఈ పదహారు పలకల్లోకీ గొప్ప పని. అనుమానంతో నేనే పాడుచేశాను. ఆవిడ మీద నింద కూడా నేనే వేశాను. నాది తప్పు" అన్నాను.

వెనక వరసలోంచి ఒక ముసలాయన, "అదా సంగతి! ఇన్నాళ్ళూ ఎవరి చెయ్యిరా ఇది అని మేం తలలు బద్దలు కొట్టుకున్నాం గదయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. దివిసీమ అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లేపి, ముందు వరసలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

మా ఓనరుకి చెబితే తల పట్టుకున్నాడు. "ఎందుకు బావా అందరి ముందూ చెప్పావు? ఎండ వల్ల వచ్చిందంటే సరిపోయేదిగా!" అన్నాడు. నాలుగు పలకలూ మళ్ళీ చేసివ్వడానికి ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయిని రమ్మని నేనే వెళ్ళి అడిగాను. మా ఊరి పని కాబట్టి ఆ నాలుగూ చేస్తాను, తర్వాత మీ షెడ్డులో ఉండను అంది. నమ్మకం లేని చోట పని చెయ్యడం కన్నా రొయ్యలు ఒలుచుకోవడం నయం అంది. బతిమాలాను. కుదరదంది.

ఆ నాలుగు పలకలూ చేసిన రోజున నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. అలవాటుగా చెయ్యి ముందుకు పోయింది. "మావయ్య గారూ, చేతులు వెనక్కి కట్టుకోండి" అంది ఆ అమ్మాయి, నా మొహం కూడా చూడకుండా. కట్టుకున్నాను. పలక గట్టిపడేదాకా అలాగే నిలబడ్డాను. ఇప్పటికీ ఎక్కడైనా నిలబడితే చేతులు వెనక్కే పోతాయి. పెళ్ళిళ్ళలో అది చూసి నా పెద్దరికం అనుకుంటారు.

తర్వాత కొన్నాళ్ళకి డిజైనర్ గారు గుడివాడ దగ్గర సొంతంగా షెడ్డు పెట్టారు. దాని బాధ్యతంతా దివిసీమ అమ్మాయిదే. ఇప్పుడు ఆవిడ కింద తొమ్మిదిమంది ఆడవాళ్ళు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఫోన్ వచ్చాక, రాసే ముందు ఒకసారి ఆ షెడ్డు చూసి వద్దామని మొన్న బస్సెక్కి వెళ్ళాను. రెజిన్ కలిపే గదిలో కిటికీకి ఒక పలక బిగించి ఉంది. జమ్ము పలక, చర్చిలోంచి తీసేసిన నాలుగింటిలో ఒకటి. మూడు చేతులున్నది. వెనక ఎండ పడుతోంది.

"దీన్ని ఎందుకు పెట్టావమ్మా?" అన్నాను.

"పారేస్తే నేలలో కలవదు, కాలిస్తే విషపు పొగ. ఎక్కడ పెట్టమంటారు?" అంది. మళ్ళీ తనే అంది. "ఎవరి పలకైనా చెడిపోతే, వాళ్ళని పిలవబోయే ముందు ఇక్కడికొచ్చి నిలబడతానండీ. నేనెక్కడ చెయ్యి పెట్టానా అని ఆలోచించుకుంటాను. సగం సార్లు వాళ్ళని పిలిచే అవసరం రాదు."

మీలాంటి పిల్లలు షెడ్డు చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి ఎవరిదని అడుగుతున్నారట. డిజైనర్ గారు నన్ను రాయమన్నది అందుకేనని అప్పుడు అర్థమైంది. ఒక మేస్త్రి గారిదని చెప్తుందట ఆ అమ్మాయి. నా పేరు మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదట.

ఎన్నాళ్ళ నుంచో నోటి దాకా వచ్చి ఆగిపోతున్న మాట అడిగేశాను. "అమ్మాయ్, నన్ను క్షమించావా?"

"ఆ మాట అడక్కండి మావయ్య గారూ. టీ చల్లారిపోతోంది" అంది.

గ్లాసు అందుకోవడానికి వెనక కట్టుకున్న చెయ్యి ముందుకు తీశాను. ఆవిడ నా పొట్టివేలు వంక చూసింది. కిటికీ వంక చూసింది. తర్వాత గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది.